పల్లెచర్చి పెట్టెలోని వంశచరిత్ర
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గత సంవత్సరము మా అమ్మాయి ఇంట కొన్నాళ్ళుండుటకై ఇంగ్లండునకు పోయితిని. నార్ఫోక్ మండలములో వారిది చిన్న పల్లె. పొరుగింటి పెద్దమనిషి రైల్వేలో గార్డుపని చేసి విరమించినవాడు. తన పూర్వులెవరో తెలిసికొనవలెనని ఆయనకు పట్టుదల. నాకు పని లేదు, ఆయనకు తోడు లేదు. ఇద్దరమును కలిసి వెదకితిమి. ఆ ముచ్చటయే నేడు మనవి చేయుదును.

ఆ దేశమున ప్రతి చర్చికిని కొంత ఎల్ల కలదు. దానిని పారిష్ అందురు. 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రి థామస్ క్రాంవెల్ ప్రతి పారిష్‌లోను బాప్తిస్మములను, వివాహములను, ఖననములను వారమువారము పుస్తకమున వ్రాసి, తాళములు గల పెట్టెలో భద్రపరుపవలెనని ఆజ్ఞాపించెను. వ్రాయకున్న మూడు షిల్లింగుల నాలుగు పెన్నీలు జరిమానా. 1598లో పాత వ్రాతలన్నియు తోలుకాగితముపై కెక్కింపవలెనని మరియొక ఉత్తరువు వచ్చెను. ముఖ్యముగా ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కిన నాటినుండి యని అందొక మాట చేరుటచే, అనేకులు 1558కి ముందున్నదానిని వ్రాయుట మానిరి. వ్రాయసగాని బద్ధకము ఇరువదియేండ్ల జనమును మాపివేసినది!

వెదకువారు తమకు తెలిసిన మనిషినుండి వెనుకకు నడువవలెను. 1837 జూలై 1వ తేదీనుండి జనన మరణములను ప్రభుత్వమే నమోదు చేయుచున్నది గనుక అంతవరకు దారి సుగమము. 1851 జనాభా లెక్కలో ప్రతివాని పుట్టిన పారిష్ పేరు కూడ కలదు. అందు మా మిత్రుని పూర్వుడొకడు దొరకెను: పొలముకూలి, వయస్సు 34. అనగా 1817 ప్రాంతమున పుట్టినవాడు.

పాత పుస్తకములు ఇప్పుడు చాలవరకు చర్చిలలో లేవు. మండల దస్తావేజుల భాండాగారమునకు చేరినవి. మేము నార్విచ్ నగరమునకు పోయితిమి. 1813నుండి బాప్తిస్మముల పుస్తకమునకు అచ్చుగడులు కలవు: బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసము, వృత్తి. ఆ పారిష్‌లో ఒకే పేరు గల బాలురు ఇద్దరు కనబడిరి. ఒకనికి తల్లియు తండ్రియు గలరు. మిత్రుడు సంతోషించెను. కాని ఖననముల పుస్తకము చూడగా ఆ బిడ్డ ఎనిమిదవ నెలలోనే పోయినాడు. రెండవవానికి తల్లి పేరొక్కటే యున్నది; వృత్తి గడిలో 'అవివాహిత' అని వ్రాసియున్నది.

ఆయన కళ్ళజోడు తీసి, "ఇంతటితో చాలింతము" అనెను. తిరుగుదారిలో మాటాడలేదు. రెండు దినములైన పిదప తానే వచ్చి తలుపు తట్టెను.

ఈసారి పేదల పోషణాధికారుల కాగితములు చూచితిమి. 1601 నాటి చట్టము ప్రకారము ఏ పారిష్ పేదలను ఆ పారిష్ పోషింపవలెను. 1662 చట్టముచే పరాయి పారిష్ వారిని వెడలగొట్టు అధికారము కలిగెను. పెండ్లికాని పనివారు ఒకచోట నిండుసంవత్సరము కొలువుచేసిన ఆ ఊరివారగుదురు. అందుచే కొందరు రైతులు సంవత్సరమునకు వారము తక్కువగ కుదుర్చుకొనెడివారట! పెండ్లికాని తల్లి బిడ్డ భారము పుట్టిన పారిష్‌పై పడును గనుక, నెలలు నిండకముందే ఆమెను ఎల్ల దాటించుటకు తొందరపడెడివారు. ఈ తల్లికిని అదే జరిగినది. మేజిస్ట్రేటుల యెదుట ఆమె ప్రమాణము చేసి చెప్పిన వాఙ్మూలము ఒక పుటనిండ కలదు: ఎక్కడ పుట్టినది, ఎవరి యింట పాలు పితికినది, జీతమెంత, బిడ్డ తండ్రి యెవడు. క్రింద సంతకము లేదు. సిరాతో ఒక కొంకరగీటు మాత్రమున్నది. మిత్రుడు దానిపై వ్రేలుంచబోయి, వెనుకకు తీసికొని, "ఇది ఆమె చేయి" అనెను.

ఆయన తమ్ముడు ఈ సంగతి వంశవృక్షమున వ్రాయవలదని జాబు వ్రాసెను. ఈయన వ్రాసెను. నేనాయన పక్షమే.

అటుపై తల్లి శాఖననుసరించి 1690 ప్రాంతమువరకు పోగలిగితిమి. అక్కడ ఒక చిక్కు. 1752కు పూర్వము వారి సంవత్సరము మార్చి 25న మొదలగుచుండెను. కావున 1700 అని వ్రాసిన ఫిబ్రవరి మన లెక్కలో 1701. చైత్రమున ఉగాది చేసికొను నాకు ఇది వింతగ తోచలేదు, ఆయనయే తికమకపడెను.

బయలుదేరునప్పుడు, "మీ వంశము ఎంతవరకు తెలియును?" అని ఆయన అడిగెను. మా యింట తర్పణములలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుదుము. తల్లి వైపునను అంతే. అంతకు పైన నాకు తెలియదంటిని.

ఇంటికి వచ్చి అటకమీది పెట్టె దింపించితిని. అందు మా ముత్తాతగారి కాగితముల కట్ట యున్నది. అంతయు తెలుగే, గొలుసుకట్టు వ్రాత. ఈ పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమని పిలిచితిని. వాడు అచ్చు తెలుగు చక్కగ చదువును, దీనిని చూచి, "తాతగారూ, ఇది ఏ భాష?" అనెను. ఇద్దరమును దీపము దగ్గర కూర్చుంటిమి. మొదటి పంక్తి తెలియుటకు ఒక సాయంకాలము పట్టినది. ఇప్పుడు మూడవ కాగితములో ఉన్నాము.