గోనెసంచుల ఊరు బొమ్మల ఊరు ఎలా అయింది?

(బరంపురంలో జరిగిన ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు కార్యదర్శిగారు ఒక సంగతి చెప్పారు. ఈ ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో పదకొండు మంది పిల్లలు యానిమేషన్, గ్రాఫిక్స్, గేమ్ డిజైన్ చదువుతామని రాశారట. మన నిబంధనల్లో ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, డిగ్రీ, ఐటీఐ వరకే ఉంది. అందువల్ల ఆ పదకొండు దరఖాస్తులూ పక్కన పెట్టారు. "అసలు అవి చదువులేనా? వాటితో పిల్లలు బతకగలరా? మీరు ఆ పనిలోనే ఉన్నారు కదా, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఆ పిల్లల్లో కొందరు, వారి అమ్మానాన్నలు ఈ సభలోనే ఉన్నారు. కనుక ఆశపెట్టే మాటలు చెప్పకూడదు, భయపెట్టే మాటలూ చెప్పకూడదు. నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

నేను పదేళ్లకు పైగా హైదరాబాదులో గేములు, యానిమేషన్ తయారుచేసే ఒక స్టూడియోలో పనిచేస్తున్నాను. అంతకుముందు 2012-13లో స్కాట్లండులోని డండీ అనే ఊళ్లో ఈ విద్య చదువుకున్నాను. లండన్ సంగతి చెబితే మీరు "అది మనకెక్కడ" అంటారు. డండీ అటువంటిది కాదు. దాని జనాభా లక్షన్నర దాటదు. మన బరంపురం దానికి రెండింతల పైమాట.

ఆ ఊరితో మనకు పాత లంకె కూడా ఉంది. మా తాతగారు కలకత్తా దగ్గర టిటాగఢ్‌లో జూటు మిల్లు కార్మికుడు. ఇక్కడ ఇంకా కొన్ని ఇళ్లలో అటువంటి తాతలు ఉండే ఉంటారు. గంజాం, విశాఖపట్నం జిల్లాలు రెండూ మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లోనే మనవాళ్లు హుగ్లీ ఒడ్డు మిల్లులకు వలస వెళ్లేవారు. ఆ మిల్లుల్లో చాలావాటికి యంత్రాలు, మేనేజర్లు, కొన్నింటికి పెట్టుబడి కూడా డండీ నుంచి వచ్చినవే. బెంగాలు జనపనార ఓడలెక్కి డండీ చేరేది. అక్కడ తిమింగలం నూనె పట్టించి నారను మెత్తబరిచి, వడికి, గోనెగుడ్డ నేసేవారు. మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. పనిలేక ఇంట్లో ఉండిపోయిన మగవాళ్లకు "కెటిల్ కాచేవాళ్లు" అని ఆ ఊళ్లో ఒక వెక్కిరింత పేరు. తర్వాత కలకత్తా మిల్లులు పెరిగేకొద్దీ డండీ మిల్లులు తరుగుతూ వచ్చాయి. 1999 నాటికి అక్కడ జనపనార వడకడం పూర్తిగా ఆగిపోయింది. ఒక రకంగా మా తాత చేతి పనే వాళ్ల పొట్ట కొట్టిందన్నమాట. ఈ మాట నేను అక్కడ ఒక ముసలావిడతో అంటే ఆవిడ పడిపడి నవ్వింది. వాళ్లమ్మ మిల్లు కార్మికురాలు.

మిల్లులు పోయాక ఆ ఊరు ఏం చేసిందన్నది మనకు కావలసిన విషయం.

ఆ ఊళ్లో డి.సి. థామ్సన్ అని ఒక పత్రికల సంస్థ ఉంది. 1937లో "ది డాండీ", 1938లో "ది బీనో" అని పిల్లల బొమ్మల పత్రికలు మొదలుపెట్టింది. అందుచేత బొమ్మ గీయడం కూడా జీతం వచ్చే పనేనని ఆ ఊరి జనానికి ముందునుంచీ తెలుసు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని మన ఇళ్లలో లేనిది ఇదే.

రెండోది, టైమెక్స్ వాచీల ఫ్యాక్టరీ. 1982లో సింక్లెయిర్ స్పెక్ట్రమ్ అనే చవక కంప్యూటరు మార్కెట్లోకి వస్తే దాన్ని కూర్చే పని ఈ ఫ్యాక్టరీకి దక్కింది. ఆ కంప్యూటర్లు ఊళ్లో చాలా ఇళ్లకు చేరాయి. ఫ్యాక్టరీ గేటు ఎలా దాటాయని అడిగితే ఇప్పటికీ నవ్వి ఊరుకుంటారు. పిల్లలు వాటిమీద సొంతంగా ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు. కింగ్స్‌వే టెక్నికల్ కాలేజీలో ఒక కంప్యూటర్ క్లబ్బు ఉండేది. ఇటువంటి కుర్రాళ్లు అక్కడ కలుసుకునేవారు. వారిలో డేవిడ్ జోన్స్ అనే ఆయన టైమెక్స్‌లోనే అప్రెంటిసు. ఉద్యోగం వదిలినప్పుడు చేతికొచ్చిన పరిహారం డబ్బుతో అమీగా అనే కంప్యూటరు కొనుక్కున్నాడు. క్లబ్బు మిత్రులతో కలిసి 1980ల చివర డీఎంఏ డిజైన్ అనే చిన్న సంస్థ పెట్టాడు.

1989లో ఒక మధ్యాహ్నం భోజనాల వేళ వారిలో మైక్ డెయిలీ అనే కుర్రాడు ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గడిలో నడిచే మనిషి బొమ్మ చేసి చూపించాడు. మన ఆడపడుచులు ముగ్గుకు చుక్కలు పెట్టరూ, అలాగే. అంత ఇరుకు చోటులో మనిషి నడవాలి, నడుస్తున్నట్టు కనిపించాలి. పక్కనున్నవాళ్లు చూసి ఇందులో ఒక ఆట ఉందన్నారు. అదే 1991లో "లెమ్మింగ్స్" అనే గేముగా వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయింది. అదే సంస్థ 1997లో "గ్రాండ్ తెఫ్ట్ ఆటో" చేసింది. ఆ రెండో ఆట పేరు వింటే ఇక్కడున్న కుర్రాళ్ల కళ్లు మెరుస్తాయి. అది పిల్లలు ఆడదగిన ఆట కాదని పెద్దలు కోప్పడితే నేను మాత్రం పెద్దల పక్షమే. సరిగ్గా ఆ 1997లోనే ఊళ్లోని అబర్టే విశ్వవిద్యాలయం కంప్యూటర్ గేముల్లో డిగ్రీ మొదలుపెట్టింది. ప్రపంచంలో అదే మొదటిదని చెబుతారు. వరస గమనించండి. ముందు ఇంట్లో ఒక చవక యంత్రం, తర్వాత నలుగురు కూర్చునే గది, తర్వాత చిన్న సంస్థ. డిగ్రీ వచ్చింది వీటన్నిటి తర్వాత.

ఆ విశ్వవిద్యాలయం "డేర్ టు బి డిజిటల్" అని ఒక పోటీ చాలా ఏళ్లు నడిపింది. అయిదుగురు విద్యార్థుల జట్టు. ఒకరికి బొమ్మ వచ్చు, ఒకరికి ప్రోగ్రాము వచ్చు, ఒకరికి శబ్దం తెలుసు. వేసవిలో రెండు నెలలకు కాస్త పైన గడువు. ఆ లోపల ఒక ఆట నమూనా చేసి చూపాలి. వాళ్ల తిండికి వారం వారం కొంత డబ్బు ఇచ్చేవారు. పరిశ్రమలో ఉన్నవాళ్లు వచ్చి తప్పులు చెప్పేవారు. చివర ఊరి నడిబొడ్డున, కెయిర్డ్ హాలు అనే పెద్ద సభామందిరంలో బల్లలు వేసి ఆ ఆటలు జనం ముందు పెట్టేవారు. బడిపిల్లలు, తాతలు, దారిన పోయేవాళ్లు ఎవరైనా వచ్చి ఆడవచ్చు. ఎనిమిదేళ్ల పిల్ల ఒకటి ఒక జట్టు ఆట ముందు కూర్చుని, రెండు నిమిషాలకే లేచి పక్క బల్లకు వెళ్లిపోయింది. ఆ జట్టు కుర్రాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఏ పరీక్షా అంత బాగా దిద్దదు.

ఊళ్లో 1999లో తెరిచిన కళాకేంద్రంలో అచ్చు యంత్రాలున్న పనిశాల ఉంది, బయటివారు కూడా వెళ్లి నేర్చుకుని వాడుకోవచ్చు. 2009లో నియాన్ పేరిట డిజిటల్ కళల ఉత్సవం మొదలైంది. 2014లో యునెస్కో ఆ ఊరిని డిజైన్ నగరంగా గుర్తించింది. 2016లో జరిగిన డిజైన్ ఉత్సవానికి వేదిక, మూతపడిన పాత ప్రింటింగు ప్రెస్సు భవనం. 2018లో నది ఒడ్డున వి అండ్ ఎ డిజైన్ మ్యూజియం తెరిచారు. మన పెద్దలకు ఈ మ్యూజియం ఫొటోలు చూపిస్తే ఇదే అభివృద్ధి అంటారు. నా దృష్టిలో అది కథలో చివరి అధ్యాయం. మొదటి అధ్యాయం ఆ క్లబ్బు గది.

అంతా బాగుందని చెప్పి వెళ్లిపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. టైమెక్స్ ఫ్యాక్టరీ 1993లో పెద్ద సమ్మె తర్వాత మూతపడింది. "గ్రాండ్ తెఫ్ట్ ఆటో" చేసిన సంస్థ చేతులు మారి వంద కిలోమీటర్ల దూరంలోని ఎడింబరోకు తరలిపోయింది. డేవిడ్ జోన్స్ తర్వాత పెట్టిన రియల్‌టైమ్ వరల్డ్స్ 2010లో దివాలా తీసింది, ఒక్కసారిగా ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వారిలో కొందరు ఊరు వదలకుండా నలుగురైదుగురు కలిసి చిన్న చిన్న సంస్థలు పెట్టుకున్నారు. చేతిలో పని, పక్కన తెలిసిన మనుషులు ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది. మిల్లు కార్మికుల మనవలందరికీ గేముల్లో ఉద్యోగాలు రాలేదు. పేదరికం ఆ ఊళ్లో ఇప్పటికీ ఉంది.

ఇక మన సంగతి.

మా స్టూడియోలో కొత్తవారిని తీసుకునేటప్పుడు చేసిన పనుల వీడియో చూస్తాం. దాన్ని షోరీల్ అంటారు. ఒక ఏడాది ఒకే శిక్షణ సంస్థ నుంచి ఇరవై మంది దరఖాస్తు పెట్టారు. ఇరవై వీడియోల్లోనూ అదే ఎగిరే బంతి, అదే రోబో, అదే కారు. రంగు మాత్రం వేరు. ఆ సర్టిఫికెట్టు కోసం వాళ్ల నాన్నలు లక్షన్నర, రెండు లక్షలు అప్పు చేశారు. ఒక్కరినీ తీసుకోలేకపోయాం. అదే ఏడాది షోలాపూరు నుంచి మన తెలుగు పద్మశాలీల అమ్మాయి ఒకతె వచ్చింది. వాళ్ల నాన్న చద్దర్ల మగ్గానికి గళ్ల కాగితం మీద డిజైన్లు గీస్తాడు. ఆ గళ్లలోని నెమలి కాగితంలోంచి లేచి, మగ్గం మీదుగా నడిచి, చద్దరులోకి దూరి పడుకుంటుంది. మొత్తం నలభై సెకన్లు. పాత కంప్యూటరు మీద ఉచిత సాఫ్ట్‌వేరుతో చేసింది. నెమలి నడకలో తప్పులున్నాయి. అయినా తీసుకున్నాం, ఎందుకంటే మొదలుపెట్టింది ముగించింది. ముగించినవాళ్లు దొరకడం మా పనిలో కష్టం.

ఉచిత సాఫ్ట్‌వేరు అన్నాను. బ్లెండర్ దాని పేరు. 2025లో యానిమేషన్ చిత్రానికి ఆస్కారు అందుకున్న లాత్వియా సినిమా "ఫ్లో" దానితోనే చేశారు. ఆటలకు గోడో, బొమ్మలకు క్రిటా ఉన్నాయి. వీటికి ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. కనుక తల్లిదండ్రులకు నా మనవి. ఏడాది సర్టిఫికెట్టు కోసం అప్పు చేయకండి. ముందు ఆరు నెలలు పిల్లవాడిని ఇంట్లో బ్లెండర్ నేర్చుకోనివ్వండి. ముప్ఫై సెకన్ల బొమ్మ ఒకటి పూర్తి చేస్తే అప్పుడు డబ్బు గురించి మాట్లాడండి. పూర్తి చేయకపోతే వాడికి నచ్చింది సినిమా చూడటమే, తీయడం కాదు. అందులోనూ తప్పు లేదు, డిగ్రీ చదువుకుంటాడు.

చదవాలనుకుంటే ప్రభుత్వ దారులున్నాయి. ఐఐటీల్లో బి.డిజైన్‌కు యూసీడ్ అనే ప్రవేశపరీక్ష ఉంది. ఇంటర్లో ఆర్ట్స్, కామర్స్ చదివినవారు కూడా రాయవచ్చు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మరో జాతీయ డిజైన్ సంస్థకు వేరే పరీక్ష. అంతెందుకు, మన గంజాం జిల్లాలోనే ఖల్లికోటలో ప్రభుత్వ చిత్రకళా కళాశాల ఉంది. ఇందాక ఆ పదకొండు మందిలో ముగ్గురిని అడిగితే ఒక్కరికే తెలుసు.

జీతం మాట కూడా చెప్పాలి. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేరు ఉద్యోగి కంటే తక్కువే వస్తుంది. ప్రాజెక్టు అయిపోతే ఇంటికి పంపే చోట్లు ఉన్నాయి. సినిమా ఫ్రేములో మనిషి అంచు వెంట గీత గీసి వేరుచేసే రోటో పని వంటివి ఇప్పుడు కృత్రిమ మేధ చాలావరకు చేసేస్తోంది. చాలా శిక్షణ సంస్థలు ఇప్పటికీ నేర్పేది ఆ పనే. ఏ కథ చెప్పాలి, నెమలి ఎక్కడ పడుకోవాలి అన్నది ఆలోచించగలిగేవారికి పని ఉంటుందని నా నమ్మకం. హామీ మాత్రం ఇవ్వలేను.

ట్రస్టు పెద్దలకు ఒక విన్నపం. ఈ పదకొండు దరఖాస్తులకు ఇప్పుడే డబ్బు ఇమ్మని నేను అడగడం లేదు. ఈ కల్యాణమంటపం వెనక గది పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసి ఉంటుంది. అందులో రెండు మూడు పాత కంప్యూటర్లు పెట్టించండి, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నది ఒకటి నేను పంపిస్తాను. వేసవి సెలవుల్లో ఆరు వారాలు, నలుగురేసి పిల్లల జట్లు. వాళ్ల టిఫిను, బస్సు ఖర్చు ట్రస్టు భరిస్తే చాలు. ఆడపిల్లలను కూడా రానివ్వండి, సాయంత్రం ఆరుకు మూసేస్తే ఏ ఇంట్లోనూ అభ్యంతరం ఉండదు. చివరి ఆదివారం ఇదే హాల్లో బల్లలు వేసి, చేసినవి మన జనానికి చూపిద్దాం. పని పూర్తిచేసిన పిల్లల దరఖాస్తులను అప్పుడు కమిటీ మళ్లీ చూడాలి. నిబంధన మార్చాలో వద్దో చేతిలో పని చూసి మీరే నిర్ణయించండి. పట్టు నేసే ఊరు మనది. గళ్ల కాగితం మీద డిజైను గీయడం మనవాళ్లకు నేర్పనక్కర్లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగు గంటల వరకు నేను ఆ వెనక గదిలోనే ఉంటాను. నా రైలు రాత్రికి. పిల్లలూ, మీరు చేసింది ఏదైనా ఫోనులో ఉంటే తెచ్చి చూపించండి, సగమే అయినా ఫరవాలేదు. అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకుని రండి.