తాళం పడిన పాటలు: మన హార్డ్‌డిస్క్ తెరిచిన విధానం



మన పాటలు, కథలు దాచిన హార్డ్‌డిస్క్ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం మాకు అప్పజెప్పింది.

పాతబస్తీకి నీటి భయం కొత్త కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ఈ నగరాన్ని ముంచింది. 2020 అక్టోబర్ వానలకు ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు బస్తీలు మళ్లీ మునిగాయి. మన గదిలోకీ నీళ్లొచ్చాయి. కంప్యూటర్ పోయింది, హార్డ్‌డిస్క్ దక్కింది. అందులో ప్రధాన్లు, తోటీలు కింగ్రి వాయిస్తూ పాడిన గోండుల కథలున్నాయి, తండాల పెళ్లి పాటలున్నాయి. పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. మళ్లీ రికార్డు చేద్దామంటే ఆ గొంతులు దొరకవు.

డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఫోల్డర్ల పేర్లు కనిపించాయి. తెరవబోతే 'యాక్సెస్ డినైడ్' అని వచ్చింది. ఒక దుకాణంలో ఫార్మాట్ చేసిస్తామన్నారు. ఫార్మాట్ అంటే ఇల్లు ఖాళీ చేయడమే కాబట్టి మేము ఒప్పుకోలేదు.

అసలు సంగతి ఇది. విండోస్ ప్రతి ఫైలుకూ ఒక యజమానిని రాసిపెడుతుంది. పేరుతో కాదు, ఎస్ఐడీ అనే పొడవాటి సంఖ్యతో. పాత కంప్యూటర్‌లో వాడిన పేరే కొత్తదాంట్లో పెట్టుకున్నా సంఖ్య వేరుగా ఉంటుంది. అందుకే కొత్త కంప్యూటర్ మనల్ని గుర్తుపట్టదు. ఫైళ్లు చెడిపోలేదు, మన పేరు మాత్రం జాబితాలో లేదు.

మొదట డిస్క్ మొత్తానికీ నకలు తీశాం. పని నకలు మీదే చేశాం. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లోపలికి వెళ్లి, ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ ఓనర్ పక్కన చేంజ్ నొక్కి మన ఖాతా పేరు ఇచ్చాం. లోపలి ఫోల్డర్లకూ వర్తించేలా కింద టిక్కు పెట్టాం. యజమాని మారినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. మళ్లీ సెక్యూరిటీలోకి వెళ్లి మన పేరుకు ఫుల్ కంట్రోల్ ఇవ్వాలి. వందల ఫోల్డర్లుంటే టేకోన్, ఐకాకల్స్ అనే రెండు ఆదేశాలు ఇదే పని చేస్తాయి. అయితే కంప్యూటర్‌ను నడిపించే విండోస్ ఫోల్డర్ మీద మాత్రం ఇవి వాడకండి.

ఈ దారికి ఒక హద్దుంది. ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే యజమాని మారినా లాభం లేదు. బిట్‌లాకర్ వేసిన డిస్క్‌కు పాస్‌వర్డో, 48 అంకెల రికవరీ కీయో కావాలి. అదృష్టం, మన పాటలకు ఆ తాళం లేదు.

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల సంగతి మీకు తెలిసిందే. అక్కడ గోండి రాతప్రతులు మిగిలాయి, వాటిని చదవగలిగిన కొద్దిమంది పెద్దలూ మిగిలారు. వాళ్లుండబట్టే ఆ లిపి పిల్లల పలకల మీదికి వచ్చింది, 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ప్రతులు మాత్రమే మిగిలి చదివేవాళ్లు లేకపోతే అవి మూటలుగానే ఉండేవి. డిస్క్ కూడా అంతే.

కాబట్టి మూడు కోరికలు. పాస్‌వర్డులు, రికవరీ కీలు కాగితం మీద రాసి కనీసం ఇద్దరి దగ్గర ఉంచుదాం. ప్రతి రికార్డింగుకూ మూడు నకళ్లు పెట్టి, ఒకటి నగరం బయట, ఉట్నూరు వైపు దాచుదాం. మూడోది అన్నిటికంటే ముఖ్యం. కంప్యూటర్ అనుమతి దొరికిందని ప్రతి పాటనూ యూట్యూబ్‌లో పెట్టేయొద్దు. పెన్ పూజలో మాత్రమే పాడేవి కొన్నున్నాయి. పాడినవారి కుటుంబాన్ని, ఆ గూడెం పెద్దలను అడిగి, వాళ్లు సరే అన్నవే బయటపెడదాం.

మీ ఇళ్లలో పాడైన కంప్యూటర్లుంటే తూకానికి అమ్మేముందు లోపలి డిస్క్ తీయించి మాకు చూపించండి. సెలవు.