వివక్ష ఫిర్యాదు వ్రాయడం ఎలా?
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ రోజునే మనం పండుగగా జరుపుకుంటున్నాము. ఆ కేసులోని ఫిర్యాదు ఒక్క ప్రశ్నలో ఇమిడిపోతుంది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి సవరించిన పెన్షన్ లెక్క ఎందుకు వర్తించదు?

నేను సర్వీసులో ఉండగా నా జూనియర్‌కు ప్రమోషన్ ఇచ్చి నన్ను ప్రక్కన పెట్టారు. విజ్ఞాపన పెడితే తిరస్కరించారు. కడుపుమంటతో పదకొండు పేజీలు వ్రాసి ప్లీడరుగారికిచ్చాను. ఆయన ఓపికగా చదివి, "మీ బాధ కనిపిస్తోంది గాని కేసు కనిపించడం లేదండీ. మీతో సమానులెవరు? వారికిచ్చి మీకివ్వనిదేమిటి? ఏ తేదీ ఉత్తర్వు?" అన్నారు. తేదీలు చూస్తే గడువుకు పద్దెనిమిది రోజులే మిగిలి ఉంది!

మళ్ళీ మూడు పేజీలలో వ్రాశాము. ఒక్కొక్క పేరాకు నంబరు, ఒక్కొక్క పేరాలో ఒక్క సంగతి. నేను చేరిన తేదీ, సీనియారిటీ జాబితాలో నా స్థానం, జూనియర్ స్థానం, ప్రమోషన్ ఉత్తర్వు, నా విజ్ఞాపన, దానికి వచ్చిన జవాబు. ప్రతిదానికీ కాగితం జత. తరువాత ఉల్లంఘించిన సర్వీసు రూలు, రాజ్యాంగం 14, 16 అధికరణాలు. చివర ఏ తేదీనుంచి ఏమి ఇప్పించాలో స్పష్టంగా కోరాము. జూనియర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చాము. ఆఫీసరుపై కక్ష ఆరోపణ తీసివేశాము. అది వ్రాస్తే ఆయననూ పేరుతో ప్రతివాదిని చేసి, రుజువు చూపాలి.

కేంద్ర ప్రభుత్వోద్యోగులు 1985 చట్టం ప్రకారం పరిపాలనా ట్రిబ్యునల్‌కు తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా వెళ్ళాలి. విజ్ఞాపనకు ఆరు నెలలలో జవాబు రాకపోతే, ఆపైన ఏడాది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వోద్యోగులకు రాష్ట్ర ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు. వారు హైకోర్టుకే వెళ్ళాలి.

నాకు న్యాయం జరిగింది. నాతోపాటే నష్టపోయిన మిత్రుడొకరు రిమైండర్లు పంపుతూ కూర్చున్నారు. రిమైండర్లతో గడువు పెరగదు. ఆయన పోయాక వారి శ్రీమతిగారి ఫ్యామిలీ పెన్షన్‌ను కూడా ఆ తక్కువ జీతం మీదనే కట్టారు.

కాబట్టి సర్వీసులో ఉన్న మీ పిల్లలకు చెప్పండి. ఉత్తర్వు అందిన రోజే దానిపై తేదీ వేసి భద్రపరచమనండి. కోపం చల్లారాక ఫిర్యాదు వ్రాయమనండి. గడువు మాత్రం దాటనివ్వవద్దనండి.

సెలవు.