శెనక్కాయకు రేవులో తగిలే అడ్డు

మన శెనక్కాయ పైదేశాలకు పోయే దారిలో తగులుతున్న ఒక అడ్డును గురించి ఈ పూట రెండు మాటలు మనవి చేస్తాను. పైదేశాల గొడవ తనకల్లులో కూచున్న మనకెందుకయ్యా, మండీలో కాయలు పోసి డబ్బు తెచ్చుకుంటే చాలదా అని మీరనవచ్చు. కాని మండీలో ధర కట్టేవాడు ఆ సరుకు ఎంతదూరం పోగలదో చూసుకొనే కడతాడు.

ఒక దేశం మన సరుకును ఆపవలెనంటే సుంకం పెంచవచ్చు. సుంకం పెంచకుండా కూడా ఆపవచ్చు. ఇన్ని పరీక్షలు జరగవలె, పురుగు కనపడరాదు, బూజు విషం ఇంతకు మించరాదు అని నిబంధన పెడితే సరి. వీటినే సుంకేతర అడ్డంకులంటారు. 2015లో మన శెనగపప్పులో పురుగు కనిపించిందని వియత్నాం దిగుమతి ఆపింది. 2025 సెప్టెంబరులో ఇండోనేషియా బూజు విషం కారణంగా కొంతకాలం నిలిపింది. అలా ఆగినప్పుడల్లా గోదాముల్లో సరుకు పేరుకుపోతుంది, ఆ దెబ్బ రైతు ధరమీద పడుతుంది.

ఈ విషం పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చినవి. వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో దోషమున్నదని వెదుకుతూ పోతే, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పుట్టించే విషం బయటపడింది. మనుషులకు కాలేయంలో కాన్సరు తెచ్చేది కూడా ఇదే. ఐరోపా కూటమి నేరుగా తినే పప్పులో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములకు మించరాదంటుంది. అంటే కిలో పప్పును నూరు కోట్ల భాగాలు చేస్తే అందులో నాలుగు భాగాలన్నమాట! ఇంత బిగింపు ఎందుకని ఎగుమతిదార్లు వాదిస్తారు, ఆ వాదనలో కొంత న్యాయమున్నది. అయినా విషం విషమే గదా.

ఇక ప్రభుత్వ సాయం మాట. ఎగుమతులకోసం 1985 చట్టం ప్రకారం ఏర్పడిన అపెడా అనే కేంద్ర సంస్థ ఉన్నది. గుర్తింపు పొందిన లేబరేటరీలో పరీక్ష జరిగి, ఏ మిల్లులో కొట్టారో, ఏ గోదాములో పెట్టారో పీనట్ డాట్ నెట్ అనే కంప్యూటరు లెక్కలోకి ఎక్కించిన తర్వాతనే ఐరోపాకు సరుకు కదులుతుంది. గోదాములకు, యంత్రాలకు, నాణ్యత పరీక్షల పరికరాలకు ఎగుమతిదార్లకు అపెడా ఆర్థిక సహాయం చేస్తుంది. ఇదంతా మంచిదే. కాని ఒక సంగతి దాచకుండా చెబుతాను. లేబరేటరీ విషాన్ని పట్టగలదు గాని తీయలేదు. విషం చేరేది మన చేలో, మన కళ్ళంలో. సాయం మాత్రం రేవు దగ్గర అందుతున్నది.

బూజు భూమిలోనే ఉంటుంది. ఆఖరు నెలలో వాన ముఖం చాటేసి, నేల కాగినప్పుడు కాయలోకి చొరబడుతుంది. మన ఎర్రనేలల్లో ఇది ఏటా చూసే కతే. పంటకుంటలో నీళ్ళుంటే అప్పుడొక తడి ఇవ్వండి. నూటికి డెబ్బై ఐదు కాయల్లో డొల్ల లోపలివైపు నల్లబడితే పీకవచ్చు, ఇంకా పండనీ అని ఆగవద్దు. పీకిన చెట్టును కాయలు పైకి ఉండేట్టు తిరగేసి ఎండబెట్టండి. చెదలు తిన్నవి, నాగలికి తెగినవి, లొట్టకాయలు వేరు చేయవలె. ఆడిస్తే గలగలమని చప్పుడు చేయాలి, పప్పు నలిపితే పొట్టు రాలాలి. తేమ నూటికి ఎనిమిది పాళ్ళకు దిగిన తర్వాతనే బస్తాకెత్తవలెను.

ఇంకొకటి. మిషనులో కొట్టించేముందు పప్పు విరగకూడదని కాయలమీద నీళ్ళు చల్లుతారు, నేను కళ్ళారా చూశాను. బాగా ఎండిన కాయకు చేజేతులా మళ్ళీ తేమ ఇచ్చి బస్తాలో కడితే బూజుకు విందు చేసినట్లే. ఒక పెద్దాయన్ను అడిగితే, "తడిపితే తూకం కూడా వస్తుంది సార్, ఎండిన కాయకు ఎవరు రూపాయి ఎక్కువిస్తారు?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఆయన అడిగినదాంట్లో తప్పేమున్నది? ఎండబెట్టిన కష్టం రైతుది, తూకం తగ్గిన నష్టమూ రైతుదే.

విడివిడిగా పోతే ఆ రూపాయి రాదు. రైతు ఉత్పత్తిదారుల సంఘంగా చేరి, మంచి కాయ వేరే కుప్ప పోసి, తేమ చూసే మీటరొకటి కొని, నమూనా పరీక్ష చేయించి, ఆ కాగితంతో బేరమాడితే కొంత దారి దొరుకుతుంది. అపెడాలో నమోదైన సంఘాలు కూడా ఆ సహాయానికి అర్జీ పెట్టుకోవచ్చు.

ఏరిపారేసిన కాయ ఎక్కడికి పోతున్నదో కూడా చూసుకోండి. గానుగకు పోతే విషంలో ఎక్కువ పాలు పిండిలోనే నిలుస్తుంది. ఆ పిండి ఆవు తింటే పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. బూజు పట్టిన పప్పును ఇంట్లో వేయించి పెట్టవద్దు, వేయించినంత మాత్రాన విషం పోదు. పశువుకూ పెట్టవద్దు, గుంట తీసి పూడ్చండి.