బొంతయే కుట్టుపనికి బాలశిక్ష
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు రజతోత్సవములో సూదిదారముల ముచ్చట ఏమిటని కొందరికి తోచవచ్చును. కాని ఈ రెండును ఎరుగని చుట్టములు కావు. గ్రంథమను మాటకు మూలమైన ధాతువునకు కూర్చుట, కట్టుట అని అర్థము. సూత్రమనగా దారము. మన బీరువాలలోని గట్టి అట్టల పుస్తకము నొకదానిని విప్పి చూడుడు. మడచిన కాగితముల నడుమ దారపు కుట్లు కనబడును. ఆ కుట్టు వదలిననాడు ఎంతటి కావ్యమైనను పుటలు పుటలుగా విడిపోవును. కావున సూదికి ఈ మందిరములో చోటున్నదనియే నా నమ్మకము.

నేడు నేను మనవి చేయదలచినది ఒక్కటే. కుట్టుపని క్రొత్తగా నేర్చుకొనువారు రవికతో మొదలుపెట్టరాదు, బొంతతో మొదలుపెట్టవలెను. అక్షరములు రానివాని చేతికి మొదట కావ్యమీయము గదా! బాలశిక్ష నిత్తుము. సూదికి అట్టి బాలశిక్ష మన ఇండ్లలోని బొంత.

సాధారణముగా జరుగుచున్నదేమి? కుట్టు నేర్వవలెనను కోరికతో వచ్చిన పడుచు మొదటి వారముననే రవిక కత్తిరింపబూనును. రవిక తేలికైన పని కాదు. మెడ, చంక, చేయి, అన్నియు వంకర గీతలే. అంగుళములో పావువంతు తప్పినను ఒంటికి సరిపడదు. పైగా గుడ్డ క్రొత్తది, వెలపెట్టి కొన్నది. అది చెడినంతనే ఇంటిలో మాట పడవలసివచ్చును. నాకీ పని అబ్బదని ఆమె సూదిని పెట్టెలో పెట్టివేయును. లోపము ఆమె చేతిలో లేదు. మొదటి పాఠము తగినది కాకపోయినది.

బొంతలో ఈ భయము లేదు. గుడ్డ పాతది. ఖర్చు సూదికిని దారమునకును మాత్రమే. కుట్టవలసినది తిన్నని గీత. ఒక వరుస కొంచెము వంకరపోయినను బొంత బొంతయే. చలిని ఆపక మానదు.

ఇక పని పద్ధతి. పాత నూలుచీరె నొకదానిని ఉతికి ఎండలో ఆరవేయుడు. చేతితో లాగినపుడు పర్రున చినుగు భాగములను వేరుచేయుడు. అవి లోపలి పొరలకు పనికివచ్చును గాని పైపొరకు పనికిరావు. చీరె పొడవు సుమారు 18 అడుగులు. పన్నా ఇంచుమించు 4 అడుగులు. దానిని మూడు మడతలు పెట్టినచో 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల మూడు పొరల బొంత అగును. రెండు చీరెలైనచో ఆరు పొరలు. కాని క్రొత్తవారు అంత పెద్దదానికి పోవలదు. పసిబిడ్డ క్రింద పరచుటకు 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చాలును. ఒక్క చీరెలో నాలుగేసి పొరల చిన్న బొంతలు మూడు వచ్చును.

పొరలను నేలపై పరచి, ముడుతలు లేకుండ అరచేతితో నిమిరి, నడుమనుండి నాలుగు వైపులకును పెద్దపెద్ద టాకాలు వేయవలెను. ఇది చేయకున్నచో లోపలి గుడ్డ జరిగి ఒకచోట ఉండకట్టును. పిదప అంచులు లోనికి మడిచి, పొడవునకు వరుసలుగా కుట్టుచు పోవలెను. వరుసకును వరుసకును నడుమ రెండు వ్రేళ్ళ వెడల్పు, అనగా సుమారు ఒకటిన్నర అంగుళము ఎడముండవలెను. సూదిని దించుట, పైకి తీయుట, ముందునకు సాగుట, ఇంతియే కుట్టు. దారము చేతి పొడవునకు మించరాదు, మించినచో చిక్కుపడును. నడిమివ్రేలికి దర్జీలు అంగుస్తాన అను లోహపు తొడుగు పెట్టుకొన్నచో, నాలుగు పొరలలో సూదిని నెట్టినపుడు వ్రేలు నొవ్వదు.

లెక్క చూడుడు. 2 అడుగుల వెడల్పులో 16 వరుసలు పట్టును. అర అంగుళమునకొక కుట్టు చొప్పున వేసినచో మొత్తము 1,152 కుట్లు. దినమునకు రెండు వరుసలైనచో ఎనిమిది దినములలో పని ముగియును. మొదటి వరుసను, పదునారవ వరుసను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుడు. మొదటిదానిలో కుట్లు చిన్నవి పెద్దవిగా తడబడుచుండును. చివరిదానిలో చీమలబారువలె సాగును. చెప్పిన పాఠమునకంటె వేయి కుట్లు చేతికి ఎక్కువ నేర్పును.

చేయి కుదిరిన పిమ్మట గుడ్డ స్వభావము తెలిసికొనవలెను. మగ్గముల నడుమ పెరిగిన మన ప్రాంతమువారికి పడుగు పేకల గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. పడుగు వెంబడి గుడ్డ తక్కువ సాగును. పేక వెంబడి కొంచెము సాగును. మూలనుండి మూలకు లాగినచో మిక్కిలి సాగును. కత్తిరింపులోని రహస్యము చాలవరకు ఇందులోనే యున్నది. దీనిని గ్రహించిన పిదప వరుసగా చేతిసంచి, దిండు గలీబు, లోపలి లంగా కుట్టి, చివరకు రవికకు రావలెను. అప్పటికి రవిక భయపెట్టదు.

మిషను గూర్చి కూడ రెండు మాటలు. సింగరు 1851లో అమెరికాలో తన కుట్టుమిషనుకు పేటెంటు పొందెను. యంత్రముల వ్యామోహమును ఖండించిన గాంధీమహాత్ముడు 1924లో జరిగిన ఒక సంభాషణలో ఈ మిషనును మాత్రము మినహాయించి మెచ్చుకొనెను. ఆడవారి చాకిరిని తగ్గించు యంత్రమనియే ఆయన దానిని ఆదరించెను. మిషనుపై కూర్చున్నవారు మొదట దారము లేకుండ గీతల కాగితముపై సూదిని నడుపవలెను. రంధ్రములు గీతమీదనే పడుచున్నవనగా కాలును చేయియు కలిసినవన్నమాట. సూదుల అంకెలలో ఒక చిక్కున్నది. చేతిసూదికి అంకె పెరిగినకొలది సూది సన్నమగును. మిషను సూదికి అంకె పెరిగినకొలది లావగును. సాధారణ నూలు గుడ్డకు 14వ నంబరు, మందపు గుడ్డకు 16వ నంబరు మిషను సూదులు వాడుదురు. ఈ తేడా తెలియక సూదులు విరుచుకొనువారు పెక్కుమంది.

ఇంతవరకు పనిని గూర్చి చెప్పితిని. ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్పవలసివచ్చినదో వినుడు. 2016లో ఏర్పడిన మన జిల్లాకు రాజన్న పేరును, సిరిసిల్ల పేరును కలిపి పెట్టిరి. ఒకటి దేవుని పేరు. రెండవది వినగానే మగ్గములు తలపునకు వచ్చు ఊరి పేరు. కాని ఆ మరమగ్గములపై నేడు పాలిస్టరు గుడ్డయే హెచ్చుగా నేయబడుచున్నది. దానిని నేయువారి కష్టమును నేను తక్కువచేయను. అది వారి అన్నము. అయినను పాలిస్టరు బొంతకు తగిన గుడ్డ కాదు. చెమట పీల్చదు, పొరలు జారును, నిప్పు సోకినచో కరగి ఒంటికి అంటుకొనును. పసిబిడ్డ క్రింద పరచదగినది మెత్తబడిన పాత నూలుగుడ్డయే. ఇండ్లలో నూలుచీరెలు తగ్గుచున్నవి. అంగడి రగ్గులు చవుకగా వచ్చుచున్నవి. వీనితోపాటు బొంత కుట్టు చేతులును తగ్గిపోవుచున్నవి. ఈ విద్య అచ్చుపుస్తకములలో నిలిచినది కాదు. చేతినుండి చేతికి వచ్చినది. నడుమ ఒక తరము తప్పినచో మరల తెచ్చుకొనుట కష్టము.

బొంత అనగానే బీదతనమని తలవంచుకొనువారు కలరు. బెంగాలువారు తమ కాంథాను, మరాఠీవారు గోధడిని, కన్నడిగులు కౌదిని ఎంత మక్కువగ చూచుకొందురో తెలిసిన తరువాత అట్లు తలవంచుకొననక్కరలేదు. అమెరికాలోని ఆలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లె యున్నది. అచ్చటి నల్లజాతి స్త్రీలు, పొలము పనులలో అరిగిపోయిన బట్టలతో చలికి ఓర్చుకొనుటకై బొంతలు కుట్టుకొనిరి. ఆ బొంతలనే 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియము ప్రదర్శించెను. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో బిళ్ళలు ముద్రించెను. అవసరము కొరకు కుట్టినదే అందమైనదని లోకము ఒప్పుకొన్నది.

అందముతోపాటు ఆదాయమును కూడ చూడవలెను గదా! మన పల్లెలలో బీడీలు చుట్టుచు పొద్దుపుచ్చు అక్కలెందరో కలరు. బొంతతో కుదిరిన చేతికి మొదట దొరకు పని చీరెలకు ఫాలు వేయుట. దానికి మిషను లేకున్నను జరుగును. తిన్నని సన్నని చేతికుట్టు చాలును. తరువాత గుండీలు, కాజాలు, అంచుల పని. ఈ పనులు ఇంటిపట్టున, పిల్లల నడుమ చేసికొనదగినవి. ఆ సంపాదన చిన్నదే కావచ్చును. కాని బిడ్డకు పలక కొనుటకు ఒకరి ముందు చేయి చాపవలసిన అగత్యము లేని తల్లికి అది చిన్నది కాదు.

కడపట కార్యవర్గమువారికి ఒక విన్నపము. వారమునకొక సాయంకాలము పఠనమందిరములో ఒక మూల చాప పరపించుడు. బొంత కుట్టుట తెలిసిన పెద్దమ్మలను గౌరవముగ పిలిపించి కూర్చుండబెట్టుడు. నేర్వదలచినవారు ఇంటినుండి ఒక పాత నూలుచీరెను తెచ్చుకొందురు. మగపిల్లలును రావలెను, గుండీ ఊడినపుడు దానికి ఆడ మగ తేడా తెలియదు. ఆ పెద్దమ్మలు వేసి చూపిన ఒక్కొక్క కుట్టును జానెడు గుడ్డపై నిలిపి, క్రింద దాని పేరును, వాడుకయు వ్రాసి, ఆ గుడ్డలన్నిటిని ఒక పుస్తకముగ కుట్టింపుడు. దానికొక నంబరు వేసి బీరువాలో చేర్పుడు. చదువు రాని మన తల్లులు రచించిన గ్రంథము ఒకటి మన గ్రంథాలయమునకు దక్కును.