కోటలో తగాదా – కోర్టులో తీర్పు



ఆంధ్ర వైపు నుంచి మద్రాసుకు వచ్చే బస్సుల కోసం 2018లో మా మాధవరంలో కొత్త స్టాండు కట్టారు. నెల్లూరు నుంచో, కాళహస్తి నుంచో వచ్చిన మీరు అక్కడ దిగి ఊళ్లోకి వెళితే, సముద్రపు ఒడ్డున సెయింట్ జార్జి కోట కనిపిస్తుంది. ఈనాడు తమిళనాడు శాసనసభ, సచివాలయం ఉన్నది ఆ కోటలోనే. సుమారు రెండు వందల యాభై ఏళ్ల క్రితం, 1776లో, అక్కడ ఒక తగాదా పుట్టింది. తగవులాడుకున్నవారు శత్రురాజులు కారు. ఒకే కంపెనీ జీతం తింటూ, ఒకే బల్ల చుట్టూ కూర్చునే అధికారులు. ఆ తగవు ఎలా ముదిరింది, ఎవరు తీర్చారు, తీర్చిన తీర్పు ఎవరికి దక్కింది అన్నది ఈనాటి ప్రసంగం.

ముందుగా అసలు సంగతి. తెలుగు నాయకరాజులు ఏలిన తంజావూరు తరువాత మరాఠా రాజుల చేతికి వచ్చింది. 1773లో ఆర్కాటు నవాబు మహమ్మదలీ, ఈస్టిండియా కంపెనీ సైన్యం సాయంతో తంజావూరును పట్టుకున్నాడు. రాజు తుళజాజీ ఖైదీ అయ్యాడు. ఈ పని లండనులోని కంపెనీ డైరెక్టర్లకు నచ్చలేదు. రాజ్యాన్ని తిరిగి రాజుకు అప్పగించమని చెప్పి, జార్జ్ పిగాట్ అనే ఆయన్ను గవర్నరుగా పంపారు. పిగాట్ మద్రాసుకు కొత్తవాడు కాదు. 1758–59లో ఫ్రెంచివారు కోటను ముట్టడించినప్పుడు గవర్నరుగా నిలబడి కాపాడినవాడు ఆయనే. 1775 డిసెంబరులో రెండవసారి పదవి చేపట్టి, 1776 ఏప్రిల్ 11న తానే స్వయంగా తంజావూరు వెళ్లి తుళజాజీని గద్దె మీద కూర్చోబెట్టాడు.

కథ అక్కడితో ముగియవలసింది. కాని ఒక అప్పుపత్రం అడ్డం వచ్చింది.

పాల్ బెన్‌ఫీల్డ్ అని కంపెనీలో ఒక చిన్న ఉద్యోగి. ఆయన ముందుకు వచ్చి, నవాబు తనకు బాకీ ఉన్నాడనీ, ఆ బాకీ కింద తంజావూరు శిస్తును రాసి ఇచ్చాడనీ అన్నాడు. తంజావూరులో కొందరికి తాను విడిగా అప్పులిచ్చాననీ, పొలాల్లో ఉన్న పంటే దానికి పూచీ అనీ కూడా అన్నాడు. మొత్తం కలిపి సుమారు రెండు లక్షల ముప్పై నాలుగు వేల పౌండ్లు. అంత చిన్న కొలువులో ఉన్నవాడికి అంత సొమ్ము ఎక్కడిది? కౌన్సిలు కూడా మొదట ఆధారాలు చాలవని ఆ మాట తోసిపుచ్చింది. కొన్నాళ్లకే ఎక్కువమంది సభ్యులు మాట మార్చి బెన్‌ఫీల్డ్ వైపు మొగ్గారు. నవాబుకు అప్పులిచ్చి వడ్డీలు తినడం ఆ కాలపు కంపెనీ దొరలలో చాలామందికి అలవాటు. కంచే చేను మేయడం అంటే ఇదే కదా!

ఇక తంజావూరుకు కంపెనీ ప్రతినిధిగా ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చింది. పిగాట్ తన మనిషి క్లాడ్ రస్సెల్‌ను పంపుతానన్నాడు. మెజారిటీ సభ్యులు కర్నల్ జేమ్స్ స్టువర్ట్‌ను పంపాలన్నారు. ఈ పేర్ల వెనుక ఉన్నది ఆ శిస్తు, ఆ పంట.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. కంపెనీ పాలన ఒక్క గవర్నరుది కాదు, గవర్నరూ కౌన్సిలూ కలిసి చేసేది. ఎక్కువమంది మాటే చెల్లుతుంది. కాని సమావేశానికి అధ్యక్షుడు గవర్నరే. మరి ఆయన ఆ తీర్మానాన్ని ఓటుకే పెట్టనంటే? పెట్టినా సంతకం చెయ్యనంటే? తాను లేకుండా ప్రభుత్వమే లేదన్నాడు పిగాట్. మెజారిటీయే ప్రభుత్వం, అధ్యక్షుడు అడ్డుపడడానికి వీల్లేదన్నారు ఎదుటివారు. ఇద్దరి వాదనలోనూ కొంత బలం ఉంది. తేల్చి చెప్పే నిబంధన మాత్రం ఏ కాగితంలోనూ స్పష్టంగా లేదు.

ఆగస్టు 22న మెజారిటీ సభ్యులు గవర్నరును పక్కన పెట్టి, ఉత్తర్వు మీద కార్యదర్శి చేత సంతకం పెట్టించాలని ఒక కాగితం తయారుచేశారు. దాని మీద జార్జ్ స్ట్రాటన్, హెన్రీ బ్రూక్ సంతకాలు చేశారు. మిగిలినవారు చేసేలోగానే పిగాట్ ఆ కాగితం తీసుకుని, ఆ ఇద్దరి మీద నేరారోపణ పెట్టాడు. ఆరోపణ పడినవారు ఓటు వెయ్యకూడదని నిబంధన. అలా ఎదుటి పక్షంలో ఇద్దరిని తగ్గించి, అధ్యక్షుడిగా తనకున్న అదనపు ఓటుతో వారిని సస్పెండు చేశాడు. ఎత్తు బాగానే ఉంది. కాని అది న్యాయాన్ని నమ్ముకున్నవాడి పనా, నిబంధనలోని సందును నమ్ముకున్నవాడి పనా? మీరే ఆలోచించండి.

రెండు రోజులైనా గడవలేదు. ఎదుటివారు విడిగా సమావేశమై తామే ప్రభుత్వమని ప్రకటించుకుని, సైన్యాన్ని స్టువర్ట్ చేతికి ఇచ్చారు. ఆగస్టు 24న ఆ స్టువర్టే గవర్నరు ఇంట భోజనం చేశాడు. సాయంత్రం గవర్నరు బండిలోనే పక్కన కూర్చుని తోట బంగళాకు బయలుదేరాడు. ఎగ్జిబిషను చూడటానికి మీరు వెళ్లే ఐలాండ్ మైదానం, తమిళంలో తీవుత్తిడల్, అక్కడికి వచ్చేసరికి సైనికాధికారులు బండి ఆపారు. గవర్నరును దింపి, వేరే బండి ఎక్కించి, సెయింట్ థామస్ మౌంటుకు తీసుకుపోయారు. మన పెద్దలు పరంగికొండ అన్నదీ, తమిళులు పరంగిమలై అనేదీ ఆ కొండే. కోటకు అధిపతి అయినవాడు తన సిపాయిల కాపలాలోనే ఖైదీ అయ్యాడు.

ఎవరికి మొర పెట్టుకోవాలి? మద్రాసులో అప్పుడున్నది మేయరు కోర్టు. అక్కడ తీర్పు చెప్పేవారు వర్తకులే. సుప్రీం కోర్టు మద్రాసుకు 1801లో గాని రాలేదు. కలకత్తాలోని వారన్ హేస్టింగ్స్ ప్రభుత్వం కొత్త పాలకులనే సమర్థించింది. లండనుకు ఉత్తరం చేరాలంటే నెలలు, జవాబు రావాలంటే మళ్లీ నెలలు. ఉభయ పక్షాలనూ లండను రమ్మని కంపెనీ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఇక్కడికి చేరేసరికి పిగాట్ లేడు. 1777 మే 11న, నిర్బంధంలోనే, తోట బంగళాలో కన్నుమూశాడు. నేటి ఓమందూరార్ ప్రభుత్వ ఎస్టేటు ఉన్న ప్రాంతం అది. మరణంపై విచారణ జరిపిన జ్యూరీ ఇది హత్యే అన్నది గాని, ఆ మాట తరువాత నిలవలేదు.

చివరకు పిగాట్ తమ్ముడు, అడ్మిరల్ హ్యూ పిగాట్, 1779లో బ్రిటిషు పార్లమెంటులో ఈ విషయం లేవనెత్తాడు. స్ట్రాటన్, బ్రూక్, ఫ్లోయర్, మెకే అనే నలుగురి మీద లండనులో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ముందు విచారణ జరిగింది. ‘ప్రభుత్వాన్ని కాపాడటానికి ఇది తప్పనిసరి అయింది’ అన్నది వారి వాదన. అలాంటి అవసరం నిజంగా ముంచుకు వచ్చి ఉండాలనీ, సమాజాన్ని కాపాడటానికి వేరే దారి లేకపోయి ఉండాలనీ మాన్స్‌ఫీల్డ్ జ్యూరీకి చెప్పాడు. జ్యూరీ వారిని దోషులన్నది. 1780 ఫిబ్రవరిలో శిక్ష పడింది. ఏమిటా శిక్ష? ఒక్కొక్కరికి వెయ్యి పౌండ్ల జుర్మానా. బెన్‌ఫీల్డ్ అడిగిన సొమ్ముతో పోల్చి చూడండి! ఆ బెన్‌ఫీల్డ్ మళ్లీ మద్రాసుకు వచ్చాడు కూడా.

అయితే ఈ తగాదా ఊరికే పోలేదు. 1786లో గవర్నరు జనరలుకూ, 1793 చార్టరు చట్టంతో మద్రాసు, బొంబాయి గవర్నర్లకూ అవసరమైనప్పుడు కౌన్సిలు మాటను కాదనే అధికారం స్పష్టంగా దక్కింది. మరో విచిత్రం వినండి. 1954లో పాకిస్తాను గవర్నరు జనరలు అక్కడి రాజ్యాంగ సభను రద్దు చేశాడు. 1955లో ఆ వ్యవహారం ఫెడరల్ కోర్టుకు వచ్చినప్పుడు, ప్రధాన న్యాయమూర్తి మునీర్ ఈ మద్రాసు కేసులో మాన్స్‌ఫీల్డ్ చెప్పిన మాటలనే ఆధారంగా తీసుకుని, అవసరం కొద్దీ చేసిన పని చెల్లుతుందన్నాడు. ఆనాడు నలుగురు దొరలను కాపాడలేకపోయిన వాదన, నూట డెబ్బై అయిదేళ్ల తరువాత ఒక అధికారికి అండగా నిలిచింది.

ఇంత కథలో ఒక్కరి గొంతు మనకు వినిపించలేదు. తాకట్టు పడిన ఆ పంట పండించిన రైతుది. తంజావూరు మనకు దూరం అనుకోకండి. నెల్లూరు, చిత్తూరు సీమలు కూడా 1801 దాకా ఆ నవాబు ఏలుబడిలోవే. ఆయన అప్పు చేసిన కొద్దీ ఆ భారం శిస్తు కట్టేవాడి నెత్తినే పడేది. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగినట్లు అని మనవాళ్లు ఊరికే అనలేదు. గవర్నరును ఎవరు బంధించారన్న దాని మీద లండనులో విచారణ జరిగింది. ఆ పంట ఎవరిదన్న దాని మీద రైతును పిలిచి అడిగినవారు లేరు.

మన ఊళ్లలో ఈనాడు పంచాయతీలున్నాయి, పాల సంఘాలున్నాయి, బడి కమిటీలున్నాయి. అధ్యక్షుడూ సభ్యులూ అక్కడా ఉంటారు, తగాదాలూ వస్తాయి. అధ్యక్షుడు తీర్మానాన్ని ఓటుకు పెట్టకపోతే ఏం చెయ్యాలి, మినిట్సు పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి, అన్యాయం జరిగితే ఎవరికి అర్జీ పెట్టుకోవాలి అన్నవి సఖ్యంగా ఉన్న రోజుల్లోనే రాసి పెట్టుకోండి. ఆ తగవు ఎవరి డబ్బు గురించో, ఎవరి చేను గురించో, ఆ మనిషిని కూడా పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టండి.