ప్రాణవాయువున్న యింట నిప్పుతో జాగ్రత్త
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లుగా విజ్ఞానదీపము వెలిగించుచున్న ఈ గ్రంథాలయపు పండుగనాడు, అసలు దీపమును ఎచ్చట వెలిగింపరాదో చెప్పుటకు నిలుచుంటిని.

పొగ త్రాగుటచేతను, కట్టెల పొయ్యి పొగ పీల్చుటచేతను ఊపిరితిత్తులు చెడి, రక్తమున ప్రాణవాయువు మిక్కిలి తగ్గినవారికి దినమునకు 15 గంటలైనను ఆ వాయువు నిచ్చినచో ఆయుర్దాయము పెరుగునని 1981లో బ్రిటనున వెలువడిన పరిశోధన చూపినది. 2021 నాటి కోవిడ్ ఉద్ధృతిలో సిలిండర్లును, గాలినుండి ప్రాణవాయువును వేరుచేయు కాన్సంట్రేటర్లును పల్లె యిండ్లకు సైతము వచ్చినవి. యంత్రము వచ్చినది గాని, దానితో మెలగు పద్ధతి వెంట రాలేదు.

ప్రాణవాయువు తాను మండదు, మండుదానిని విజృంభింపజేయును. మనము పీల్చు గాలిలో అది నూటికి 21 వంతులు. ఆ వంతు హెచ్చినకొలది నిప్పురవ్వ సైతము పెనుమంట యగును.

మా పెదనాన్నగారు నలుబదేండ్లు చుట్ట కాల్చినవారు. ఒకనాటి సాయంకాలము ముక్కుగొట్టమును ఒడిలో పెట్టుకొని, "గొట్టము తీసితిని గదా, ఇంకేమి భయము?" అని చుట్ట ముట్టించిరి. యంత్రము నడచుచునే యున్నది. భుజముమీది కండువా భగ్గుమన్నది. మా పెద్దమ్మ ముందు యంత్రము ఆపి, పిదప బిందెడు నీళ్లు కుమ్మరింపబట్టి ప్రాణము దక్కినది. మీసము, చెంప కాలినవి. గొట్టము తీసినను ఆ వాయువు బట్టలలో, పరుపులో కొంతసేపు నిలిచియుండునని ఆయనకు మేమెవ్వరమును చెప్పలేదు. తప్పు ఆయనది గాదు, మాది.

కావున ఆ యింట బీడీ, చుట్ట ఎవ్వరును కాల్చరాదు. పొయ్యి, దేవుని దీపము, హారతి కర్పూరము, అగరువత్తి రోగికి 3 మీటర్లకు, అనగా పది అడుగులకు, అవతల నుండవలెను. ముక్కు, పెదవులు ఎండినను నూనెగాని వాసెలిన్‌గాని పూయరాదు. సిలిండరు మూతికి జిడ్డుచేయి తగులనీయరాదు. అది పడిపోకుండ గొలుసుతో కట్టవలెను. వాడనప్పుడు వాయువును పూర్తిగ కట్టివేయవలెను.

మరియొక మాట. ఆయాసము హెచ్చినదని మోతాదు మనమే పెంచరాదు. ఈ రోగులలో కొందరికి ప్రాణవాయువు మితిమీరినచో రక్తమున బొగ్గుపులుసు వాయువు పేరుకొని, మగత క్రమ్మి, ప్రాణాపాయము కలుగును. అదియు ఔషధమే, వైద్యుడు చెప్పినంతయే ఈయవలెను. కరెంటు పోయినపుడు ఆదుకొనుటకు నిండు సిలిండరొకటి సిద్ధముగ నుండవలెను.

మీ వీథిలో ఇట్టి యంత్రమున్న యిల్లు గలదేని, ఈ నాలుగు మాటలును ఆ యింటివారికి చదివి వినిపింపుడు. చదివినది పొరుగువానికి అక్కరకు వచ్చినపుడే గ్రంథాలయము సార్థకమగును. సెలవు.